ఎల్ట్రాంబోపాగ్ మాత్రలు: ఆరు నెలలు దగ్గరుండి చూసిన అనుభవం

మా అన్నయ్యకు తీవ్రమైన ఎప్లాస్టిక్ ఎనీమియా (ఎముక మజ్జ తగినన్ని రక్తకణాలను తయారుచేయలేని జబ్బు) ఉన్నట్లు ఎముక మజ్జ పరీక్షలో తేలినప్పుడు ఆయన ప్లేట్‌లెట్ల కౌంట్ 8 వేలు. ఆరోగ్యవంతుల్లో అది లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉంటుంది. పళ్లు తోముకుంటే నురుగు గులాబీ రంగులో వచ్చేది, పిక్కల మీద గుండుసూది మొనంత ఎర్రటి చుక్కలు కనబడేవి. రోగనిరోధక వ్యవస్థను అణిచే ఏటీజీ, సైక్లోస్పోరిన్‌లతో పాటు వైద్యులు ఈ ఎల్ట్రాంబోపాగ్ మాత్రలు కూడా రాశారు.

మొదటి పది రోజులు మా చేతులారా వృథా అయ్యాయి. పాలు, పెరుగు, యాంటాసిడ్లు, ఐరన్ మాత్రలు ఈ మందును పట్టేసి రక్తంలోకి సరిగా చేరనివ్వవన్న సంగతి మందుల షాపులో ఎవరూ చెప్పలేదు, పెట్టెలోని కాగితంలో అది భూతద్దం పెట్టి వెతుక్కోవలసినంత సన్నటి అక్షరాల్లో ఉంది. మేమేమో ప్రతి ఉదయం గ్లాసుడు పాలతో వేయించాం. కాల్షియం ఎక్కువగా ఉన్న భోజనంతో వేసుకుంటే మందు సగానికి పైగా అందకుండా పోతుంది. అలాంటి ఆహారానికి రెండు గంటల ముందైనా, తిన్న నాలుగు గంటల తరువాతైనా వేసుకోవాలి కనుక, రాత్రి ఏడింటికి భోజనం, పదకొండింటికి మాత్ర అని నియమం పెట్టుకున్నాం.

ఫలితం మాత్రం నిదానంగానే వచ్చింది. ఎక్కించిన ప్లేట్‌లెట్లు నాలుగు రోజులకే కరిగిపోయే దశ నుంచి, పదకొండో వారానికి ఎక్కించకుండానే కౌంట్ 31 వేల దగ్గర నిలబడింది. ప్లేట్‌లెట్లను తయారుచేసే కణాలనే కాక మజ్జలోని మూలకణాలను కూడా ఈ మందు ప్రేరేపిస్తుందని వైద్యుడు వివరించారు. హిమోగ్లోబిన్ కూడా మెల్లగా పెరగడానికి కారణం అదే కావచ్చు, అయితే మిగిలిన రెండు మందుల వాటా ఎంతో విడదీసి చెప్పడం నా వల్ల కాదు.

లోపాలూ తక్కువేమీ కావు. ఎనిమిదో వారంలో కాలేయ ఎంజైములు పెరగడంతో కొద్ది రోజులు ఆపించి, తగ్గించిన మోతాదుతో మళ్లీ మొదలుపెట్టించారు. శుక్లాలు వచ్చే ప్రమాదం ఉన్నందున కంటి పరీక్ష కూడా తప్పదు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. కౌంట్ తగ్గిన ప్రతివారికీ ఇది మందు కాదు. మైలోడిస్‌ప్లాస్టిక్ సిండ్రోమ్ (మజ్జలో లోపమున్న రక్తకణాలు తయారయ్యే జబ్బు) ఉన్నవారిలో వ్యాధి ల్యుకేమియాగా, అంటే రక్త క్యాన్సర్‌గా ముదిరే ప్రమాదం ఉందన్న హెచ్చరిక ఆ సన్నటి అక్షరాల్లోనే ఉంది, కనుక మజ్జ పరీక్ష రిపోర్టు చేతికి రాకముందే పక్కవారికి పనిచేసిందని అడిగి రాయించుకోవడం తగదు.

ఐదుకు నాలుగు మార్కులు ఇస్తాను. తగ్గించిన ఆ ఒక్కటీ మందుకు కాదు, ఆ కాగితానికి.