జాగ్రత్త: ‘వింటర్ సోల్జర్’ తెలుగు బ్లూ-రే అంటూ స్టాళ్లలో అమ్ముతున్న డిస్క్ కొనకండి

విజయనగరం, బొబ్బిలి, శ్రీకాకుళం వైపు సినిమా డిస్కులు కొనే వాళ్లందరికీ చెబుతున్నాను. ‘కెప్టెన్ అమెరికా: ద వింటర్ సోల్జర్’ తెలుగు బ్లూ-రే (డీవీడీ కంటే స్పష్టంగా బొమ్మ చూపించే డిస్క్) అని, అట్ట మీద ‘4కె’ (అంతకంటే స్పష్టమైన బొమ్మ) అని పెద్ద అక్షరాలతో కొట్టి ఒక డిస్క్ అమ్ముతున్నారు. పైడితల్లమ్మ పండగ రోజుల్లో గంటస్తంభం దగ్గర వేసిన ఒక స్టాల్లో నేను ఆరు వందలకి కొన్నాను. అది నకిలీ. ఉత్త నకిలీ అయితే ఇంత రాయను. లోపల సినిమాని అడ్డంగా కోసేశారు. ఫైట్లన్నీ ఉంచి మాటలు కోసేశారు.

ఈ సినిమా చూసినవాళ్లకి అదెంత అన్యాయమో వెంటనే తెలుస్తుంది. 2014లో రూసో సోదరులు తీసిన సినిమా ఇది. నిడివి 136 నిమిషాలు. హీరో డాలు పట్టుకుని ఎగిరినా, అసలు కథ ఒక గూఢచారి సంస్థది. షీల్డ్ అనే ఆ సంస్థ మూడు ఎగిరే యుద్ధనౌకలు కట్టి, ఉపగ్రహాలకి కలిపి, ముప్పు అనిపించిన మనిషిని తప్పు చెయ్యకముందే పైనుంచి చంపెయ్యాలని చూస్తుంది. ఎవరు ముప్పో తేల్చేది ఒక లెక్క. మన బ్యాంకు ఖాతాలు, ఆసుపత్రి రికార్డులు, ఈమెయిళ్లు, ఫోన్ కాల్స్, ఎవరికి ఓటేస్తామన్నది కూడా ఆ లెక్కలోకి వెళ్తాయి. అమెరికా ప్రభుత్వం జనం ఫోన్ల వివరాలు పోగేస్తోందని ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టింది 2013 జూన్‌లో. ఏడాది తిరక్కుండానే ఈ సినిమా వచ్చింది. అప్పుడు పేపర్లో చదివిన భయమే తెర మీద కనిపించింది.

నేను కొన్నది మా మావయ్యకి చూపించడానికి. ఆయన పొలిటికల్ సైన్స్ లెక్చరర్‌గా రిటైరయ్యారు. సూపర్ హీరో సినిమాలంటే పిల్లల వ్యవహారం అని ఆయన అభిప్రాయం. కానీ రాబర్ట్ రెడ్‌ఫర్డ్ అంటే చాలా ఇష్టం. అమెరికా అధ్యక్షుడి పదవి పోగొట్టిన వాటర్‌గేట్ కుంభకోణాన్ని తవ్విన విలేకరిగా 1976లో రెడ్‌ఫర్డ్ వేసిన పాత్రని ఇప్పటికీ గుర్తు చేసుకుంటారు. దానికి ముందు ఏడాది సీఐఏ నుంచి పారిపోయే ఉద్యోగిగా కూడా వేశాడాయన. అప్పట్లో అధికారం తరుముతుంటే పరిగెత్తిన నటుణ్ణే తీసుకొచ్చి, ఇక్కడ అధికారం కుర్చీలో కూర్చోబెట్టారు. డెబ్బైల నాటి కుట్ర సినిమాలే తమకి నమూనా అని దర్శకులే చెప్పుకున్నారు. అందుకే ఇది మావయ్య కచ్చితంగా చూడాల్సిన సినిమా అనుకున్నాను.

మా డిస్క్ గంటా నలభై నిమిషాల్లో అయిపోయింది. మావయ్య నా వైపు తిరిగి, "ఏట్రా ఇది? అంత పెద్దమనిషిలా మాట్లాడినోడు మధ్యలో దొంగెలా అయిపోనాడు?" అన్నారు. ఆయన అడిగిన దాంట్లో తప్పేముంది? దానికి జవాబిచ్చే సీన్లన్నీ లేపేశారు మరి.

ఏమేం పోయాయో అసలు సినిమాతో పోల్చి చూశాను. న్యూజెర్సీ పాత సైనిక శిబిరం కింద, కంప్యూటర్లో బతికున్న జోలా అనే శత్రు శాస్త్రవేత్త చెప్పే కథ మొత్తం పోయింది. సినిమాకి గుండెకాయ ఆ సీనే. స్వేచ్ఛని లాక్కుంటే జనం తిరగబడతారు, అదే లోకాన్ని గందరగోళంలో పడేస్తే భద్రత కోసం జనమే తెచ్చి చేతిలో పెడతారు, హైడ్రా అనే శత్రు ముఠా అలాగే షీల్డ్ లోపల పెరిగింది అని చెప్పేది అక్కడే. నా డిస్క్‌లో హీరో, అతనితో ఉన్న గూఢచారి నటాషా మెట్లు దిగుతారు, వెంటనే మిసైల్ వచ్చి పేలుతుంది. ఎందుకు పేలిందో దేవుడికే తెలియాలి. రెడ్‌ఫర్డ్ పాత్ర పియర్స్ తన ఇంట్లో, పనిచేసే ఆవిడ చూడకూడనిది చూసిందని అప్పటికప్పుడు కాల్చేసే సీన్ కూడా లేదు. ఆ మనిషి ఎంత నిమ్మళంగా ఎంత ఘోరం చెయ్యగలడో తెలిసేది దానితోనే. చివర్లో నౌకల్ని లేపమని తుపాకీ నెత్తిన పెట్టినా, చేతులు వణుకుతున్నా, నేను చెయ్యనని కూర్చునే ఒక చిన్న ఉద్యోగి ఉంటాడు. నాకు ఈ సినిమాలో అందరికంటే ఇష్టమైన మనిషి అతనే. అతన్నీ తీసేశారు.

ఉన్న సీన్లు కూడా సరిగ్గా లేవు. వెడల్పు ఫ్రేమ్‌ని టీవీ నిండేలా సాగదీసి, రెండు పక్కలా నరికేశారు. లిఫ్ట్ సీన్ గుర్తుందా? హీరో ఉన్న లిఫ్ట్‌లోకి అంతస్తు అంతస్తుకీ అతన్ని పట్టుకునే మనుషులు ఎక్కుతుంటారు, ఒకడి కణత మీద చెమట, ఇంకొకడి చెయ్యి ఆయుధం మీద. అసలు సంగతి ఎవరూ బయటపెట్టరు. ఆ టెన్షన్ అంతా చుట్టూ నిలబడ్డ వాళ్ల మొహాల్లో ఉంటుంది. ఈ కాపీలో పక్కన నిలబడ్డవాళ్లు సగం సగమే కనిపిస్తారు. కింద మూలన ఏదో ఛానెల్ లోగోని మసక చేసిన మచ్చ ఒకటి.

స్టాల్ అతని నంబరు అట్ట మీదే ఉంటే ఫోన్ చేశాను. "ఫైట్లు ఒక్కటీ పోలేదు గద సార్, ఇంకేటి కావాలి మీకు?" అన్నాడు. డబ్బు తిరిగివ్వనన్నాడు, తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. ఆ మాటే నాకు ఎక్కువ కోపం తెప్పించింది. మన ఊళ్లవాళ్లకి కొట్లాటలు చాలు, ఆలోచించే సీన్లు అక్కర్లేదని వాళ్లే తేల్చేసుకున్నారు!

కొనేముందు డిస్క్ తిప్పి చూడండి. ఫ్యాక్టరీలో అచ్చయిన డీవీడీ అడుగు వెండి రంగులో ఉంటుంది. డీవీడీకి ఊదా రంగు మెరుపు కనిపిస్తే అది ఎవరో ఇంట్లో రైట్ చేసింది. నాది కంప్యూటర్లో పెడితే బ్లూ-రేనే కాదు, మామూలు డీవీడీ అని తేలింది. మొత్తం నాలుగు జీబీ లోపే. బ్లూ-రేకి ఒక్క పొరకే 25 జీబీ పడుతుంది. డీవీడీ బొమ్మకి పైనుంచి కిందికి 576 గీతలు, 4కెకి 2160. పైగా నిజమైన 4కె డిస్క్‌కి దాని ప్లేయర్ వేరే ఉండాలి, మామూలు డీవీడీ ప్లేయర్లో ఆడుతుంది అని ఎవరైనా అంటే అక్కడే అనుమానించండి. స్టాల్లో ప్లేయర్ ఉంటే పెట్టించి నిడివి చూడండి, 2 గంటల 16 నిమిషాలు చూపించాలి.

అట్ట మీద సెన్సార్ సర్టిఫికెట్ కాపీ, డిస్క్ తయారుచేసినవాళ్ల పేరు, చిరునామా, హక్కుదారుల వివరాలు ఉండాలని కాపీరైట్ చట్టం 52ఎ సెక్షన్ చెబుతోంది. నా అట్ట మీద ఫోన్ నంబరు తప్ప వాటిలో ఒక్కటీ లేదు. బిల్లు అడగండి, ఇవ్వనంటే కొనకండి.

ఇప్పటికే కొన్నవాళ్లు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అమ్మినవాడు ఏ ఊరివాడైనా మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేసుకోవచ్చు, రెండేళ్ల గడువు ఉంటుంది. ఒకే రకంగా మోసపోయినవాళ్లు కమిషన్ అనుమతితో అందరి తరఫున ఒకే ఫిర్యాదు కూడా పెట్టచ్చు. నేను విజయనగరంలో వేస్తున్నాను. మీ దగ్గర ఈ డిస్క్ ఉంటే అట్ట పారెయ్యకండి, రెండు వైపులా ఫొటో తీసి పెట్టుకోండి, ఎక్కడ, ఎంతకి కొన్నారో కింద రాయండి.