పదకొండేళ్ళ శనివారాలు, 900 మీద

కడపలో మా ఇంటి ముందు గదిలోనే మిషన్ వేసుకుని జాకెట్లు కుడతాను. శనివారం మాత్రం మోటార్ స్విచ్ వేయను. మోటార్ తిరిగితే రేడియో మీడియం వేవ్‌లో గరగర మొదలవుతుంది, పాడేవాళ్ళ గొంతు అందులో కొట్టుకుపోతుంది. అందుకే చీరల ఫాల్స్, హెమ్మింగ్, హుక్కులు, కాజాలు లాంటి చేతిపని అంతా వారం పొడుగునా పోగుచేసి శనివారానికి ఉంచుకుంటాను. పొద్దున భక్తిరంజనితో పెట్టిన రేడియో రాత్రి జాతీయ సంగీత కార్యక్రమం అయ్యేదాకా మోగుతూనే ఉంటుంది. ఇలా పదకొండేళ్ళు. ఇన్నేళ్ళు విన్నాక మంచీ చెడూ రెండూ తెలిశాయి కాబట్టి రాస్తున్నాను.

ముందు సెట్టు సంగతి. ఇప్పుడున్నది మూడోది. మొదటిది చవకలో వచ్చింది, ఆర్నెల్లకే ముల్లు తిప్పే చక్రం వదులైపోయింది. రెండోదాంట్లో ఎఫ్ఎం బాగా పలికేది, మీడియం వేవ్ పేరుకే ఉండేది. మూడోది కొనేటప్పుడు అంగట్లోనే 900 కిలోహెర్ట్జ్ పెట్టించుకుని విన్నాను. కడప ఆకాశవాణి వచ్చేది అక్కడే. సెట్టు కొనేవాళ్ళకు నేను చెప్పేది ఇదొక్కటే: రంగు, సైజు తర్వాత చూడండి, మీ ఊరి మీడియం వేవ్ స్టేషన్ పెట్టించి ఐదు నిమిషాలు చెవి దగ్గర పెట్టుకుని వినండి.

మీడియం వేవ్‌కు బయటికి లాగే పొడుగాటి కడ్డీతో పనిలేదు. దాని ఏరియల్ లోపలే ఉంటుంది, రాగితీగ చుట్టిన ఫెర్రైట్ కడ్డీ. కాబట్టి కడ్డీని కాదు, సెట్టునే అటూ ఇటూ తిప్పాలి. నేను కటింగ్ బల్ల మీద సెట్టు ఏ మూలకు తిరిగి ఉంటే గరగర తగ్గుతుందో చూసుకుని, బట్ట మీద గీసే సుద్దతోనే అక్కడ గీత గీసి పెట్టుకున్నాను. గీత చెరిగిపోతే మళ్ళీ గీస్తాను. ఫోన్ ఛార్జర్ పీకేయాలి, తలమీది ఎల్ఈడీ బల్బు ఆర్పేయాలి. పగలు కిటికీ వెలుగు చాలు. కరెంటు మీద కంటే సెల్లుల మీద శబ్దం శుభ్రంగా ఉంటుంది. రెండు పెద్ద సెల్లులు నాకు దగ్గర దగ్గర రెండు నెలలు వస్తాయి.

చీకటిపడ్డాక ఎక్కడెక్కడివో వేరే స్టేషన్లు లోపలికి చొరబడతాయి. పగలు ఆకాశంలో కింది పొర ఈ తరంగాలను మింగేస్తుందట. రాత్రి ఆ పొర పోయి, పైపొర వాటిని తిరిగి నేలకు పంపుతుందట. ఈ సంగతి కూడా రేడియోలో ఒక ప్రసంగంలోనే విన్నాను.

ఇక సంగీతం. నేను నేర్చుకున్నదాన్ని కాదు. మొదటి ఏడాది అంతా ఒకటే పాటలా వినిపించింది. కచేరీ మొదట్లో పాడే వర్ణం ఎప్పుడు అయిపోయిందో, కృతి ఎప్పుడు మొదలైందో తెలిసేది కాదు. తాళం మాత్రం చేతికి ముందు అందింది. ఫాల్ కుట్టేటప్పుడు కుట్టుకు కుట్టుకు మధ్య ఎడం ఒకేలా ఉండాలి కదా. ఆది తాళమైతే ఎనిమిది కుట్లకు ఒక ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టు. అలా లెక్కపెడుతూ కుడుతుంటే, ఒకరోజు ఎనిమిదో కుట్టు దగ్గర పాట నిలబడటం లేదు. మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టాను. ఏడుకు నిలబడింది. అది మిశ్ర చాపు అనే ఏడు లెక్కల తాళమని తర్వాత తెలిసింది. పాట ఆగి మృదంగంలాంటి తాళవాద్యాలే వాయించే తని ఆవర్తనం వచ్చినప్పుడు మాత్రం సూది పక్కన పెట్టేస్తాను. మృదంగం లెక్క వింటూ కుట్టడం నా వల్ల కాలేదు, కుట్లు వంకర పోయాయి.

రాగాలు తెలిసింది ప్రసంగాల వల్లే. నాకు శనివారం మొత్తంలో అన్నిటికంటే విలువైనవి ఈ పది పదిహేను నిమిషాల ప్రసంగాలు. ఒకాయన శంకరాభరణం రాగం స్వరాలు పాడి, "ఇప్పుడు మధ్యమం ఒక్కటి మారుస్తాను" అని, "మ" స్వరం రెండు రకాల్లో శుద్ధ మధ్యమం తీసేసి ప్రతి మధ్యమం పెట్టి మళ్ళీ పాడారు. అంతే, కల్యాణి రాగం. మిగతా ఆరు స్వరాలూ అవే. నేను సూది పట్టుకున్న చేయి అలాగే పైన ఉంచేసుకుని విన్నాను. ఒక్క స్వరం జరిగితే ఇల్లంతా వేరే రంగు వేసినట్టయింది. ఆ రాత్రి జాతీయ కార్యక్రమంలో హిందుస్తానీ గాయకులు యమన్ రాగం మొదలుపెట్టారు. జాకెట్టు తీసుకుపోవడానికి వచ్చిన ఒకామె గుమ్మంలోనే నిలబడి, "అక్కా, మా పెద్ద దర్గా ఉరుసులో ఖవ్వాలీ పాడేటప్పుడు కూడా ఇదే వరుస వస్తుంది" అంది. యమన్, మన కల్యాణి ఒకే స్వరాల రాగాలని పొద్దున విన్నది ఆమెకు చెప్పాను. ఆమె కూర్చుని అరగంట విని పోయింది.

ఇంకో ప్రసంగం అన్నమయ్య మీద. రాజంపేట దగ్గరి తాళ్ళపాక ఆయన ఊరని మాకు చిన్నప్పటినుంచీ తెలుసు. కానీ ఆయన కీర్తనలు చెక్కిన తిరుమల రాగిరేకుల మీద కీర్తన, రాగం పేరు ఉన్నాయే తప్ప స్వరాలు లేవన్న సంగతి నాకు తెలియదు. అంటే మనం ఇప్పుడు వింటున్న వరుసలు ఈ కాలంవాళ్ళు కట్టినవి. అలా కట్టినవాళ్ళలో ముందువరసలో ఉన్న రాళ్ళపల్లి అనంతకృష్ణ శర్మ గారు (1893–1979) మా పక్క అనంతపురం జిల్లా రాళ్ళపల్లిలో పుట్టారు. ఆయన సాహిత్య విమర్శకులు కూడా. వేమన మీద ఆయన ఇచ్చిన ఉపన్యాసాలను పండితులు ఇప్పటికీ తలుచుకుంటారు. ఆ ప్రసంగం విన్న తర్వాత భక్తిరంజనిలో అన్నమయ్య కీర్తన వస్తే నాకు ఇద్దరు కనిపిస్తున్నారు, మాట రాసినాయన, పాట కట్టినాయన. కవి పుట్టపర్తి నారాయణాచార్యులు గారు శివతాండవం కావ్యం రాసింది మన ప్రొద్దుటూరు అగస్త్యేశ్వరస్వామి గుడిలో అని విన్నదీ ఇలాగే. మా పుట్టింటివాళ్ళది ఆ ఊరే, ఆ గుడికి ఎన్నిసార్లు పోయానో. వినేదాకా ఎవరూ చెప్పలేదు.

అన్ని ప్రసంగాలూ ఇలా ఉండవు. కొందరు కాగితం చూసి గబగబా చదివేస్తారు. మహానుభావుడు, అపర సరస్వతి అంటూ బిరుదులతోనే సగం సమయం గడిచిపోతుంది, ఆ మనిషి ఏం పాడాడో, ఏం రాశాడో ఒక్క ముక్క చూపించరు. పాటలోనైతే ఒక లైను పాడి వినిపించాలి, కావ్యమైతే ఒక పద్యం చదివి అర్థం చెప్పాలి. అలా చేసినవాళ్ళ ప్రసంగం మటుకే నాకు గుర్తుంది. నాకు బాధ కలిగించింది ఇంకొకటి: ఒక కేంద్రం నుంచి వచ్చిన కచేరీలో నీలాంబరి రాగం పాడుతుండగా టైమ్ అయిపోయిందని మధ్యలో గొంతు తగ్గించేశారు. చివర్లో వయొలిన్, మృదంగం వాయించినవాళ్ళ పేర్లు కూడా చెప్పలేదు. అరగంట వాయించిన మనిషికి పేరు చెప్పడానికి ఐదు సెకన్లు పడుతుంది. అది చేయాల్సిందే.

ఫోన్‌లో రాగం ఛానల్ కూడా వింటాను. ఆకాశవాణి 2016 జనవరి 26న మొదలుపెట్టిన ఇరవైనాలుగు గంటల శాస్త్రీయ సంగీత ఛానల్ అది. సెట్టులో ప్రసారం ఆగే వేళల్లో ఆదుకుంటుంది, శబ్దం కూడా తేటగా ఉంటుంది. కానీ ఎవరైనా ఫోన్ చేస్తే పాట ఆగిపోతుంది, శనివారం కస్టమర్ల ఫోన్లు ఎక్కువ. పైగా అక్కడ సంగీతమే తప్ప మా జిల్లా మాట వినపడదు. ఫోన్ మీదే వినేవాళ్ళు ఆ ప్రసంగాలు ఎంత పోగొట్టుకుంటున్నారో అనిపిస్తుంది నాకు.

ఏడాదిలో ఒక్కరోజు శనివారం కాకపోయినా మిషన్ మూసేస్తాను. పుష్య బహుళ పంచమి. తిరువయ్యారులో త్యాగరాజ ఆరాధన, ఆయన అయిదు పంచరత్న కృతులను అందరూ కలిసి పాడే గోష్ఠిగానం ప్రత్యక్ష ప్రసారం. రాగాలు వరసగా నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ. మొదటిది సంస్కృతం, తర్వాతి నాలుగూ తెలుగు. అయిదూ ఆది తాళమే. కావేరి ఒడ్డున కూర్చుని అంతమంది తమిళనాడు విద్వాంసులు ఒక్క గొంతుతో తెలుగు పాడుతుంటే నాకు ప్రతిసారీ కళ్ళు నిండుతాయి. టీవీలో కూడా వేస్తారు. చూశాను, కానీ చూపు ముందు వరసలో కూర్చున్నవాళ్ళ మీదికి పోతుంది. రేడియోలోనైతే వెనక ఎక్కడో కూర్చుని అరక్షణం ఆలస్యంగా అందుకునే గొంతు కూడా వినపడుతుంది. ఆ గొంతు నాకు చాలా ఇష్టం.

ఈ శనివారానికి మూడు ఫాల్స్, ఒక పట్టు జాకెట్టు హెమ్మింగ్ పక్కన పెట్టాను. పోయిన వారం రాత్రి కచేరీలో గొంతు సన్నబడింది, సెల్లులు అయిపోవచ్చాయి. రేపు బజారుకు పోయినప్పుడు తెచ్చుకోవాలి.