డ్రీమ్‌కాస్ట్ కొనేవాళ్ళూ జాగ్రత్త: విజయనగరం "టెస్టెడ్ ఓకే" కథ

మన వైపు పాత గేమ్ కన్సోల్స్ కొనేవాళ్ళలో విజయనగరం ఆయన తెలియనివాళ్ళు ఉండరు కాబట్టి పేరు రాయను. ప్రతి పోస్టు కిందా "టెస్టెడ్, హండ్రెడ్ పర్సెంట్ వర్కింగ్" అని రాసి పక్కన దండం బొమ్మ పెడతాడు చూడండి, ఆయనే. ఆ దండం ఎందుకు పెడతాడో నాకు మొన్న శనివారం అర్థమైంది.

ముందు అసలు సంగతి చెప్పేస్తాను, మిగతాది ఓపిక ఉన్నవాళ్ళు చదువుకోండి. ఆయన నాకు అమ్మింది అమెరికా డ్రీమ్‌కాస్ట్, సెగా కంపెనీ పాత గేమ్ కన్సోల్. అది 120 వోల్టుల మీద నడుస్తుంది, మన ఇళ్ళలో కరెంటేమో 230. ఆ ముక్క దాచిపెట్టి, మన టేప్ రికార్డర్ వైరు ఒకటి తగిలించి, "నేరుగా గోడకి పెట్టేసుకోండి సార్" అని చేతిలో పెట్టాడు. గోడకి పెట్టాను. పేలింది. 14,500 రూపాయలు.

ఎందుకు కొన్నావంటే, హౌస్ ఆఫ్ ది డెడ్ 2 కోసం. తుపాకీతో ఆడేది, తెలిసినవాళ్ళకి తెలుసు. సెగా వాళ్ళు 1998లో ఆర్కేడ్లకి, అంటే డబ్బులేసి ఆడే గేమ్ సెంటర్లకి వదిలారు, మరుసటి ఏడాది డ్రీమ్‌కాస్ట్‌కి వచ్చింది. వెనిస్ ఊరంతా జాంబీలు, మన చేతిలో ఆరు తూటాల పిస్టల్, అయిపోతే తెర బయటికి గురిపెట్టి నొక్కితే మళ్ళీ నిండుతుంది. కాలేజీ రోజుల్లో వైజాగ్ వెళ్ళినప్పుడల్లా టిఫిన్ డబ్బులు దాని మిషన్‌లోనే వేసేవాణ్ణి. ఇంట్లో ఆడాలని అప్పటినుంచీ కోరిక. కంప్యూటర్‌లో మౌస్‌తో ఆడొచ్చు కదా అనేవాళ్ళకి ఒక నమస్కారం, మీరు ఈ పోస్టు చదవక్కర్లేదు.

ఆ తుపాకీ కోసమే మా అమ్మ ఎన్ని తిట్టినా 21 అంగుళాల డబ్బా టీవీ పారెయ్యకుండా ఉంచాను. ఎల్‌ఈడీ టీవీలో ఆ తుపాకీ పనిచెయ్యదు. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం తెల్లగా మెరుస్తుంది. పాత టీవీలో పిక్చర్ ట్యూబు కిరణం ఒక్కో గీతా గీసుకుంటూ కిందికి వస్తుంది కదా, అది ఏ క్షణంలో తన గురి ముందు నుంచి పోయిందో తుపాకీలో ఉన్న కన్ను పట్టుకుంటుంది. ఆ లెక్కని బట్టి తూటా ఎక్కడ తగిలిందో కన్సోల్‌కి తెలుస్తుంది. కొత్త టీవీల్లో ఆ కిరణమే లేదు. ఈ ఉపన్యాసం నేను గ్రూపులో ఎంతమందికి ఇచ్చానో మీ అందరికీ తెలుసు. ఇంత తెలిసిన మహానుభావుణ్ణి కన్సోల్ ఒక్కసారి తిరగేసి అడుగున లేబుల్ చదవలేదు. నవ్వుకోండి.

ఫోన్‌లో ముందే అడిగాను: "ఇది పాలా, ఎన్టీఎస్సీయా?" అని. ఇవి టీవీ బొమ్మ పద్ధతుల పేర్లు. పాల్ అయితే యూరప్‌ది, మన కరెంటుకి సరిపోతుంది. ఎన్టీఎస్సీ అయితే అమెరికాదో జపాన్‌దో, సరిపోదు. "అన్ని టీవీల్లోనూ వస్తాది సార్, మీరేం టెన్షన్ పడకండి" అన్నాడు. నేను అడిగింది ఒకటి, ఆయన చెప్పింది ఇంకొకటి. అది నాకు అప్పుడు వినపడలేదు, ఎందుకంటే అప్పటికే ఊహలో జాంబీల్ని కాలుస్తున్నాను.

విజయనగరంలో కాంప్లెక్స్ దగ్గర దిగి ఆయన గదికి వెళ్ళాను. మర్యాదకేం లోటు లేదు. టీ తెప్పించాడు. బల్ల మీద పూల దుప్పటి పరిచి, దాని మీద డబ్బా టీవీ, టీవీ పక్కన కన్సోల్, తుపాకీ. దుప్పటి నేలదాకా వేలాడుతోంది. ఆట పెట్టాడు. మొదటి బాసు, అంటే మొదటి పెద్ద రాక్షసుడి దాకా ఆడనిచ్చాడు కూడా. గురి బాగా కుదిరింది, డిస్కు చప్పుడు మామూలుగానే ఉంది, కంట్రోలర్ పోర్టులు నాలుగూ చూశాను, మెమరీ కార్డులో సేవ్ అయింది. ఇవన్నీ చూశాను.

ఇక్కడ ఉంది అసలు విషయం. నేను ఆడుతుంటే బల్ల కింద నుంచి "గుయ్" మని ఒక మోత. సన్నగా కాదు, బరువుగా, పాత ఫ్రిజ్ మోగినట్టు. తుపాకీ దించి అడిగాను, ఏంటండీ ఆ శబ్దం అని.

ఆయన కన్ను కూడా ఆర్పకుండా "పాత టీవీ కదా సార్, అలాగే మోగుతాది" అన్నాడు.

అని ఊరుకోలేదు. లేచి వెళ్ళి టీవీ నెత్తిమీద చేత్తో రెండు తట్టులు తట్టాడు, మోత తగ్గుతుందేమో చూద్దాం అన్నట్టు. ఆ నటన చూడాలి మీరు. డబ్బా టీవీ చప్పుడు నాకు తెలియదా? అది సన్నగా "కీ" మంటుంది, పిల్లలకి వినిపిస్తుంది, నా వయసువాళ్ళకి సరిగ్గా వినిపించదు కూడా. "గుయ్" మనేది ట్రాన్స్‌ఫార్మర్. తెలుసు. అయినా టీ తాగి తలూపాను.

ఫోన్‌పే చేశాను. సామాను సర్దుతూ ఆయనే వైరు తీసి ఇచ్చాడు. డ్రీమ్‌కాస్ట్ వెనక ఉండేది ఎనిమిది అంకె ఆకారం సాకెట్టు. మన రేడియోలకీ టేప్ రికార్డర్లకీ వచ్చే వైరు అందులో చక్కగా దూరిపోతుంది. జపాన్‌దైనా అమెరికాదైనా యూరప్‌దైనా దూరిపోతుంది. ఏ దేశం కన్సోల్ అన్నది వైరు చెప్పదు. "మన పిన్నే పెట్టాను సార్, వేరే కన్వర్టర్ ఏమీ అక్కర్లేదు" అన్నాడు. ఏమీ అక్కర్లేదు అని నొక్కి మరీ చెప్పాడు.

రాత్రి శ్రీకాకుళం చేరాను. మేనల్లుడు పలాస నుంచి వచ్చి ఉన్నాడు, వాడికి చూపిద్దామని హడావిడి. స్విచ్ వేశాను. "టప్" అని ఒక శబ్దం, వెనక నుంచి పొగ, కుళ్ళిన చేపల వాసన లాంటిది. ఇంట్లో కరెంటు పోయింది. చీకట్లో మేనల్లుడు "మామయ్యా, జాంబీలు వచ్చేశాయా?" అని ఒకటే నవ్వు. అమ్మ మాత్రం నవ్వలేదు.

ఏడురోడ్ల జంక్షన్ దగ్గర నాకు తెలిసిన టీవీ మెకానిక్ ఉన్నాడు, పొద్దున్నే తీసుకెళ్ళాను. సప్లై బోర్డు విప్పి చూపించాడు. ఫ్యూజు నల్లగా మాడిపోయింది, పెద్ద కెపాసిటర్ తల చీలిపోయింది. "దీని మీద 200 వోల్టులు అని రాసుంది సూడండి మాస్టారూ. మన 230 కరెంటు డీసీగా మారితే 325 దాకా ఎగబాకుద్ది. ఇది ఆగుద్దా మరి?" అన్నాడు. తర్వాత కన్సోల్ తిరగేశాడు. అడుగున ఇంత అక్షరాలతో ఉంది: ఏసీ 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మెయిన్ బోర్డు బతికి ఉందో లేదో వేరే సప్లై తగిలిస్తే కానీ తెలియదట. అది 12, 5, 3.3 వోల్టులు మూడూ తీసుకుంటుంది, వాటిల్లో ఏది ఎక్కువైపోయినా అయిపోయినట్టే.

విజయనగరం ఆయనకి ఫోన్ చేశాను. డబ్బు పడకముందు "సార్" తప్ప మాట లేదు కదా. ఇప్పుడు వినండి.

"ఏటి బావూ, ప్లగ్గు పెట్టడం కూడా నానే నేర్పాలేటి?"

లేబుల్ మీద 120 అని ఉంది కదండీ, మీరు నేరుగా గోడకి పెట్టమన్నారు కదా అంటే, "సెకండ్ హ్యాండ్ సామాను, సూసుకుని తీసుకున్నావు. నీ ఇంట్లో కరెంటు ఎక్కువొస్తే నానేటి సేసేది? కరెంటోళ్ళని అడుగు" అని పెట్టేశాడు. ఆ తర్వాత బ్లాక్.

సరే, పాపం ఆయనకీ తెలియదేమో, ఎవరి దగ్గరో కొని తిరిగి అమ్మాడేమో అని ఒక పూట ఆయన తరఫున కూడా ఆలోచించాను. నా మంచితనానికి నాకే ముచ్చటేసింది. సాయంత్రం మేనల్లుడు తన ఫోన్‌లో ఆయన కొత్త పోస్టు చూపించాడు: "స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్, 230 నుంచి 110. అమెరికా, జపాన్ డ్రీమ్‌కాస్ట్ వాడేవాళ్ళకి తప్పనిసరి. లేకపోతే సెట్టు కాలిపోద్ది. 1,800 ఫిక్స్‌డ్. టెస్టెడ్, హండ్రెడ్ పర్సెంట్ వర్కింగ్." పక్కన దండం.

ఫొటోలో ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడ పెట్టి తీశాడో తెలుసా? అదే పూల దుప్పటి మీద.

తప్పనిసరి అట. కాలిపోద్ది అట. ఆ రెండు మాటలు రాసిన చేతితోనే నాకు వైరు తగిలించి ఇచ్చాడు. నేను కొన్న కన్సోల్‌ని నా కళ్ళముందు నడిపించిన పెట్టె అదే, మోగింది అదే, తట్టింది మాత్రం టీవీని. దానికి ఇంకో 1,800 అడిగి ఉంటే మారుమాట లేకుండా ఇచ్చేవాణ్ణి, నిజంగా. 120 వోల్టుల సెట్టు అంటే నేను బేరమాడతానని దాచాడో, విడిగా అమ్ముకోవచ్చని ఉంచుకున్నాడో ఆయనకే తెలియాలి. నాకు కోపం డబ్బు గురించి ఎంతో, ఆ తట్టుడు గురించి అంతకి రెట్టింపు.

ఆయన పోస్టు కింద విషయం రాస్తే నిమిషంలో తీసేశాడు. తీసేసి "కొందరు వాడటం రాక పాడుచేసుకుని మన మీద పడతారు, నిజాయితీగా వ్యాపారం చేసేవాళ్ళకి ఈ రోజుల్లో విలువ లేదు" అని స్టేటస్. దానికి పన్నెండు లైకులు. అందులో ఇద్దరు మన గ్రూపువాళ్ళు, నాకు తెలుసు, మీరు కూడా ఇది చదువుతున్నారు.

ఫోన్‌పే రసీదు, ఆ ట్రాన్స్‌ఫార్మర్ పోస్టు స్క్రీన్‌షాట్, "వేరే ఏమీ అక్కర్లేదు" అని అంతకుముందు వాట్సాప్‌లో పెట్టిన వాయిస్ మెసేజ్ నా దగ్గర ఉన్నాయి. రోజూ అమ్మే వ్యాపారి కాబట్టి ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు పెడుతున్నాను, కదలకపోతే జిల్లా కమిషన్. మీలో ఎవరికైనా ఆయనతో ఇలాంటిది జరిగి ఉంటే మెసేజ్ చెయ్యండి, కలిసి వెళదాం.

కొనేవాళ్ళకి ఒకటి రెండు మాటలు. డ్రీమ్‌కాస్ట్ మూత మీద సుడి బొమ్మ ఉంటుంది కదా, అది నీలం రంగులో ఉంటే యూరప్‌ది. నారింజ రంగైతే జపాన్‌దో అమెరికాదో, అంటే 100, 120 వోల్టులది. మూతలు మార్చేవాళ్ళూ ఉంటారు, అందుకని అడుగున లేబుల్ కూడా చదవండి. మోడల్ నంబరు హెచ్‌కేటీ 3030 అయితే మనకి పనికొస్తుంది, 3000, 3020 అయితే ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. టెస్టు చేసేటప్పుడు వైరు ఎక్కడిదాకా వెళ్ళిందో వంగి చూడండి. దుప్పటి ఉంటే ఎత్తండి, మొహమాటపడకండి.

యూరప్ డ్రీమ్‌కాస్ట్ సప్లై బోర్డు దీనికి సరిపోతుందని మెకానిక్ అంటున్నాడు. శ్రీకాకుళం, విజయనగరం, వైజాగ్‌లో ఎవరి దగ్గరైనా పనికిరాని పాల్ సెట్టు ఉంటే చెప్పండి, నేనే వచ్చి తీసుకుంటాను. డబ్బు మాత్రం బోర్డు నా చేతిలో తిరగేసి చూశాకే. ఆ 1,800 ట్రాన్స్‌ఫార్మర్ లింకు నాకు పంపుతున్నవాళ్ళు ఇక ఆపండి, నవ్వు రావట్లేదు.