పెళ్లికి ముందు ఇద్దరం కలిసి వెళ్లిన ఐసీటీసీ

నిశ్చితార్థమైన తరువాత, మా జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ ఆసుపత్రిలో ఉన్న ఐసీటీసీకి, అంటే హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్షల కేంద్రానికి, మొదటిసారి నేను ఒక్కదాన్నే వెళ్లాను. నేను చేసుకోబోయే ఆయనను పరీక్ష చేయించుకోమంటే అనుమానిస్తున్నానని అనుకుంటారేమోనన్న భయంతో, ఆ మాట ఎలా ఎత్తాలో ఎవరైనా చెబుతారన్న ఆశతో వెళ్లాను. కౌన్సెలర్ నన్ను 20 నిమిషాలకు పైగా కూర్చోబెట్టి విని, "ఆయన్ని చేయించుకోమని అడగకండమ్మా. నేను చేయించుకుంటున్నాను, మీరూ వస్తారా అని అడగండి" అన్నారు. ఆ సాయంత్రమే అలాగే అడిగాను. ఆయన కాసేపు మౌనంగా ఉండి, గతంలో తనకున్న ఒక సంబంధం గురించి తానుగా చెప్పి, శనివారం వెళ్దామన్నారు. ఈ కేంద్రం నాకు చేసిన అతి పెద్ద మేలు రక్తపరీక్ష కన్నా ఆ ఒక్క వాక్యమేనని నమ్ముతున్నాను.

శనివారం ఇద్దరితోనూ విడివిడిగా మాట్లాడి, సమ్మతి తీసుకున్నాకే రక్తం తీశారు. వైరస్ సోకిన కొత్తలో పరీక్షకు దొరకకపోవచ్చు కనుక, గత 3 నెలల్లో ప్రమాదకరమైన కలయిక జరిగి ఉంటే మళ్లీ రావలసి ఉంటుందని చెప్పారు. మొదటి పరీక్షలో తేడా కనిపించినా, వేర్వేరు కిట్లతో మరో రెండుసార్లు చూసిన తరువాతే పాజిటివ్ అని నిర్ధారిస్తారట. పరీక్షకు రుసుము లేదు, డాక్టరు చీటీ కూడా అడగలేదు. ఒకరి ఫలితం మరొకరికి చెప్పకుండా, ఎవరి కాగితం వారి చేతికే ఇచ్చారు. సమ్మతి, గోప్యత రెండింటినీ 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం హక్కుగా ఇచ్చిందని అక్కడే తెలుసుకున్నాను.

అయితే లోపల అంత జాగ్రత్తగా కాపాడిన గోప్యత బయట వరండాలో నిలవలేదు. ఓపీ జనం మధ్య మా పేర్లను గట్టిగా పిలిచారు. తెలిసినవారు కనిపిస్తారేమోనని వణుకుతూ వచ్చే అమ్మాయి ఆ పిలుపు వినగానే వెనుదిరిగిపోతుందని నాకు నిజంగా బాధ కలిగింది. టోకెన్ నంబరుతో పిలిస్తే సరిపోయేది.

సిఫిలిస్ పరీక్షకు అదే ఆసుపత్రిలో లైంగిక వ్యాధులు చూసే సురక్ష క్లినిక్‌కు పంపారు. క్లమీడియా వంటి లైంగిక వ్యాధులు లక్షణాలేవీ లేకుండానే శరీరంలో ఉండగలవు, కానీ లక్షణాలు లేనివారికి ఆ పరీక్ష అక్కడ చేయలేదు. దానికీ, హెపటైటిస్ బికీ ప్రైవేటు ల్యాబులో డబ్బు చెల్లించవలసి వచ్చింది.

నేరుగా వెళ్లడానికి సంకోచించేవారు ముందుగా హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కు ఉచితంగా ఫోన్ చేసి మాట్లాడవచ్చు. మేము మాత్రం ఆసుపత్రి గేటు బయట, ఎవరూ అడగకుండానే, కాగితాలు మార్చుకుని చదువుకున్నాం.