16 కోట్ల ఇంజెక్షనా, రోజూ తాగే మందా?

మా పిన్ని మనవడు ఎస్ఎంఏకి (కండరాలు క్రమంగా చచ్చుబడే జన్యు జబ్బు) రిస్డిప్లామ్ అనే మందు తాగుతున్నాడని తెలిసినప్పటి నుంచి ఫోన్లు ఆగట్లేదు. అందరిదీ ఒకటే ప్రశ్న: 16 కోట్ల ఇంజెక్షన్ కోసం విరాళాలు అడగాలా, ఈ మందుతో నడిపించొచ్చా? తర్వాత గొంతు తగ్గించి, "అది వైరస్ అంట కదా, పిల్లకి ఏమీ కాదు కదా?"

వైరసే. జోల్‌జెన్‌స్మాలో (ఆ 16 కోట్ల ఇంజెక్షన్ పేరు) ఉండేది ఏఏవీ9 అనే వైరస్, కాకపోతే దాని సొంత జన్యువులు తీసేసి పిల్లకి కావలసిన ఎస్ఎంఎన్1 జన్యువు పెట్టారు. ఒంట్లో దానికి పెరిగే శక్తి లేదు, కాబట్టి వైరస్ జబ్బు వస్తుందన్న భయం లేదు (మలంలో కొంత బయటికి పోతుంది, అందుకని ఓ నెలపాటు డైపర్ మార్చాక చేతులు బాగా కడుక్కోమంటారు). అసలు టెన్షన్ లివర్‌తో. కిలో బరువుకి 110 లక్షల కోట్ల వైరస్ కణాలు ఒకేసారి ఎక్కిస్తారు, అందులో చాలావరకు చేరేది అక్కడికే. ముందు రోజు నుంచే స్టెరాయిడ్, తర్వాత వారాల తరబడి రక్తపరీక్షలు. అయినా 2022లో రష్యా, కజకిస్తాన్‌లలో ఇద్దరు పిల్లలు లివర్ ఫెయిలై చనిపోయారు.

నాకు తేల్చేసే విషయం ఇదే: డోసు బరువును బట్టి ఉంటుంది. డబ్బు పోగయ్యేసరికి 5 కిలోల పిల్ల 9 కిలోలైతే వైరస్ కూడా దాదాపు రెట్టింపు, పైగా ఆ వైరస్‌ని అడ్డుకునే యాంటీబాడీలు ఒంట్లో పుట్టేస్తాయి కాబట్టి రెండోసారి ఇవ్వడానికి లేదు, ఒకసారి ఎక్కించింది వెనక్కి తీయడానికీ లేదు. ఆ ఎదురుచూపులో చచ్చిపోయిన మోటార్ న్యూరాన్లను (కండరాలను కదిలించే నరకణాలు) ఏ మందూ బతికించదు.

రిస్డిప్లామ్ డాక్టర్ రాసిన రోజే మొదలుపెట్టొచ్చు, పడకపోతే ఆపొచ్చు, తర్వాత ఇంజెక్షన్‌కి వెళ్లే దారీ మూసుకుపోదు. ఒకప్పుడు సీసా 6 లక్షల పైమాట. 2025 అక్టోబరులో పేటెంట్ కేసులో కోర్టులు అడ్డుచెప్పకపోవడంతో మన హైదరాబాద్ నాట్కో 15,900 రూపాయలకి జెనరిక్ దింపింది. సీసాలో 60 మిల్లీగ్రాములు, 8 కిలోల ఏడాది పిల్లాడికి నెల దాటి వస్తుంది. 20 కిలోలు దాటాక మాత్రం రోజుకి 5 మిల్లీగ్రాములు, అంటే 12 రోజులకే ఖాళీ, అదీ జీవితాంతం. ఈ లెక్క ముందే వేసుకోండి.

ఎస్ఎంఏకే నుసినెర్సెన్ అని ఇంకో మందు కూడా ఉంది, మొదటి నాలుగు డోసుల తర్వాత నాలుగు నెలలకోసారి వెన్నులో సూది. మింగడం అసలు కుదరని పిల్లలకైనా రిస్డిప్లామ్‌ని ట్యూబులో ఇవ్వొచ్చు కాబట్టి నేను నుసినెర్సెన్ జోలికి పోను.

నెలల పిల్ల, యాంటీబాడీలు లేవు, డబ్బు చేతిలో ఉంది అంటే ఇంజెక్షన్‌కి నేనూ సరే అంటాను. మిగతావాళ్లు ముందు మందు మొదలుపెట్టి, తర్వాత విరాళాల సంగతి చూడండి. అన్నట్టు, పిల్లాడు మందు కక్కేస్తే కంగారుపడి మళ్లీ పోయకండి. మా పిన్ని పోయబోయింది. మళ్లీ డోసు మర్నాడే.