ఉగాండా ప్రయాణం: సూదిమందు, మాత్రలు, దోమతెర

ఉగాండా రాజధాని కంపాలాలో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడి దగ్గరికి అక్క, బావగారు, నేను, నా భార్య కలిసి వెళ్లాలనుకున్నప్పుడు, టికెట్లతో పాటు టీకాల సంగతి కూడా తానే చూసుకుంటానని నెల్లూరులో ఒక ట్రావెల్ ఏజెంటు చెప్పి, ఎల్లో ఫీవర్ అనే జబ్బుకు టీకా వేయించుకున్నట్టు చూపే కార్డుకని మనిషికి 3,500 రూపాయల చొప్పున 14,000 ముందే కట్టించుకున్నాడు. ఏ ఆసుపత్రికి ఎప్పుడు రావాలని అడిగితే, "మీరు రానక్కరలేదు సార్, పాస్‌పోర్టు జిరాక్సు ఇస్తే చాలు, కార్డు ఇంటికే వచ్చేస్తుంది" అన్నాడు. అంటే సూది లేకుండానే కార్డన్నమాట. సూదంటే బెదిరే బావగారికి ఈ ఏర్పాటు ఎంతగానో నచ్చింది గానీ, "జబ్బొస్తే ఆ కార్డును అరగదీసి తాగుతారా?" అని అక్క నిలదీసేసరికి ఆయన మాట్లాడలేదు. డబ్బు తిరిగి అడిగితే ఏజెంటు సర్వీసు చార్జీల పేరుతో మనిషికి 1,000 పట్టుకుని, 10,000 మాత్రమే చేతిలో పెట్టాడు. ఏం సర్వీసు చేశాడో అతనికే తెలియాలి.

ఉగాండాకు వెళ్లేవారికి ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి. 50 డాలర్లు కట్టి ఆన్‌లైనులో వీసాకు దరఖాస్తు చేసేటప్పుడే ఆ కార్డు కూడా జతపరచాలి కాబట్టి, టీకా పని ముందు, వీసా పని తరువాత. సూది వేయించుకున్న 10 రోజుల తరువాతే కార్డు చెల్లుతుంది. ఆ లెక్క చూసుకోకుండా టికెట్లు కొంటే తేదీ మార్పు చార్జీలు మీ నెత్తినే పడతాయి. పదేళ్లకొకసారి మళ్లీ వేయించుకోవాలని మా ఏజెంటు చెప్పిన మాట కూడా పాతబడిపోయింది. 2016 జులై నుంచి ఒక్కసారి వేయించుకుంటే ఆ కార్డు జీవితాంతం చెల్లుతుంది. తిరుగు ప్రయాణంలో మన దేశమూ అంతే పట్టుదలగా ఉంటుంది. డెంగీని మోసే ఏడిస్ దోమే ఎల్లో ఫీవర్‌నూ మోస్తుంది, ఆ దోమ మన ఊళ్లలో కావలసినంత ఉంది, జబ్బు మాత్రం ఇంకా రాలేదు. అందుకే చెల్లే కార్డు లేకుండా ఆ జబ్బున్న దేశాల నుంచి దిగినవారిని 6 రోజుల దాకా విడిగా ఉంచే అధికారం మన ఆరోగ్య అధికారులకు ఉంది.

మన రాష్ట్రంలో విశాఖపట్నం పోర్టు ఆరోగ్య సంస్థలో ఈ టీకా వేస్తారు గానీ, నెల్లూరు, ఒంగోలు వాళ్లకు చెన్నైయే దగ్గర. మేము గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లాం. మనిషికి 300 రూపాయలు తీసుకున్నారు. ఏజెంటు అడిగిన దానితో పోల్చి చూసుకోండి. ఒక సీసాలో పలువురికి సరిపోయే మందు ఉంటుంది, కలిపాక కొద్ది గంటల్లో వాడేయాలి. కాబట్టి వచ్చినవారికి వచ్చినట్టు వేయరు, ముందుగా పేరు నమోదు చేసుకుని, చెప్పిన రోజున, చెప్పిన సమయానికి వెళ్లాలి. అసలు పాస్‌పోర్టు తప్పకుండా తీసుకెళ్లండి. కార్డు మీద దాని నంబరు రాస్తారు, జిరాక్సు పనికిరాదు.

బావగారికి 64 ఏళ్లు, పైగా షుగరు. ఇది బతికున్న క్రిమితో చేసిన టీకా కాబట్టి 60 దాటినవారికి అరుదుగానైనా తీవ్రమైన దుష్ఫలితాలు వచ్చే అవకాశం కాస్త ఎక్కువనీ, గుడ్డు పడనివారు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారు తప్పక చెప్పాలనీ వివరించి, అక్కడి డాక్టరు ఆయనను చాలా ప్రశ్నలే అడిగారు. తనను ముసలివాణ్ణి చేశారని బావగారు ముఖం మాడ్చుకున్నారు. నాకైతే ఆ ప్రశ్నలే నచ్చాయి. ఆరోగ్య కారణాల వల్ల టీకా వేయకూడదని తేలితే దానికి మినహాయింపు పత్రం రాసిస్తారు. ఈయనకు ఆ అవసరం రాలేదు. సూది తరువాత అరగంట కూర్చోబెట్టి పంపారు, మర్నాడు కాస్త ఒళ్లు నొప్పులు, అంతే.

ఎంటెబీ విమానాశ్రయంలో కార్డులు తెరిచి చూసి పంపారు. కంపాలాలో గడిపిన రోజులు హాయిగా సాగిపోయాయి. భూమధ్యరేఖ పక్కనే ఉన్నా ఊరు ఎత్తున ఉండడం వల్ల మే నెల నెల్లూరుతో పోలిస్తే అక్కడ చలువే.

చికాకంతా జింజా అనే ఊళ్లో. అక్కడి గెస్టుహౌసులో గదికి 1,40,000 షిల్లింగులు, అంటే మన డబ్బులో 3,000 పైచిలుకు, తీసుకుని, పిల్లి దూరగలిగే చిరుగున్న దోమతెర కట్టారు. కిటికీకి జాలీ లేదు. మేనేజరును పిలిస్తే ఇది దోమల కాలం కాదన్నాడు. ఉగాండాలో మలేరియా ఏడాది పొడవునా ఉంటుంది. అందులోనూ ఎక్కువ భాగం ప్రాణాంతకమైన ఫాల్సిపేరం రకం. దాన్ని మోసే దోమ పొద్దుగూకినప్పటి నుంచి తెల్లవారేదాకా కుడుతుంది. నా భార్య సంచిలోంచి సూదీ దారం తీసి, సగం రాత్రి ఆ తెరను కుట్టింది. ఆమె అంతసేపూ అన్న మాటలు ఇక్కడ రాయను. ఎంటెబీలో 90,000కే కొత్త తెర, జాలీ కిటికీ ఉన్న గది దొరికింది కాబట్టి డబ్బుకూ శుభ్రతకూ సంబంధం లేదు. గది ఖాయం చేసే ముందు మంచం కాదు, తెర చూడండి; వీలైతే ఇంటి నుంచే ఒకటి పట్టుకెళ్లండి.

జింజా దగ్గరే విక్టోరియా సరస్సు నుంచి నైలు నది బయలుదేరుతుంది. 1948లో గాంధీజీ చితాభస్మంలో కొంత భాగాన్ని అక్కడ కలిపారు, ఆయన విగ్రహమూ ఉంది. అది చూసి బావగారు స్నానం చేస్తానని పంచె బిగించారు. ఆ నీళ్లలోని నత్తల నుంచి వెలువడే సన్నటి పురుగులు చర్మంలోంచి దూరి బిల్హార్జియా అనే జబ్బు తెస్తాయని మేనల్లుడు చెయ్యి పట్టుకుని ఆపాడు. పెన్నలో ఈదినవాడికి ఇదేపాటిదని ఆయన పడవలో చాలాసేపు అలిగి కూర్చున్నారు. స్నానం మాత్రం చేయనివ్వలేదు.

మలేరియా మాత్రల గురించి ఒక మాట. కావలిలో మా డాక్టరుగారు డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకొకటి రాశారు. బయలుదేరడానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, అక్కడున్నన్నాళ్లూ వేసుకుని, తిరిగొచ్చాక మరో 4 వారాలు కొనసాగించాలి. గ్లాసు నిండా నీళ్లతో మింగాలి, వెంటనే పడుకోకూడదు; ఎండకు చర్మం త్వరగా కమిలిపోతుంది. ఇది అందరికీ సరిపోయే మందు కాదు, కాబట్టి మీ డాక్టరును అడగకుండా మందుల షాపులో కొనకండి. ఇల్లు చేరగానే మాత్రలు మానేస్తానని అక్క పేచీ పెట్టింది, బావగారే పట్టుబట్టి వేయించారు.

వచ్చిన కొన్ని వారాలకు నా భార్యకు జ్వరం తగిలింది. ఆఫ్రికా నుంచి వచ్చామని మేమే ముందుగా చెప్పాం. చెప్పకపోతే ఇక్కడ ఎవరైనా డెంగీ అనో, వైరల్ అనో అనుకుంటారు, ఫాల్సిపేరం విషయంలో ఒకటి రెండు రోజుల ఆలస్యం కూడా ప్రమాదమే. రక్తపరీక్షకు 350 రూపాయలయింది. మలేరియా లేదని ఆ సాయంత్రమే తేలింది.