బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు ఎనిమిది: బెజవాడలో డ్రైవింగ్ పరీక్ష సేవ ఎలా ఉంది?

కాగితాల మీద ఆయన మోటారు వాహనాల తనిఖీ అధికారి, ఎం.వి.ఐ. బెజవాడ ఆటోనగర్‌లో మెకానిక్‌ని అడిగినా, గుంటూరులో లారీ క్లీనర్‌ని అడిగినా చెప్పే పేరు మాత్రం బ్రేక్ ఇన్‌స్పెక్టరే. డ్రైవింగ్ లైసెన్సుకు దరఖాస్తు, రుసుం, పరీక్షకు స్లాటు ఇప్పుడు సారథి అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే అయిపోతున్నాయి. మనిషి మనిషిని చూసి తేల్చే పని ఒక్క ట్రాక్ మీదే మిగిలింది. అందుకే రవాణా శాఖ అందించే ఈ సేవను తూచాలంటే ట్రాక్ పక్కన నిలబడే ఆ అధికారి దగ్గరే మొదలుపెట్టాలి.

పబ్లిక్ సర్వీస్ కమిషన్ పరీక్ష రాసి అసిస్టెంట్ ఎం.వి.ఐ.గా చేరేవాళ్లు ఆటోమొబైల్ లేదా మెకానికల్ ఇంజినీరింగ్ చదివినవాళ్లు. బండి నడపడం రానివాళ్లకు ఈ ఉద్యోగం లేదు. పైకి వెళ్తే ఎం.వి.ఐ., ఆర్టీవో, డిప్యూటీ ట్రాన్స్‌పోర్ట్ కమిషనర్, జాయింట్ ట్రాన్స్‌పోర్ట్ కమిషనర్. పని ఒక్క లైసెన్సు పరీక్షలతో ఆగదు. లారీలకు ఫిట్‌నెస్ చూడాలి, బడులు తెరవకముందే స్కూలు బస్సులు చూడాలి, హైవే మీద తనిఖీలకు వెళ్లాలి. ఎక్కడైనా ప్రమాదం జరిగితే పోలీసులు కబురు పెడతారు. బ్రేకులు, స్టీరింగు, టైర్లు పరీక్షించి, యాంత్రిక లోపం వల్ల జరిగిందా కాదా అని రిపోర్టు రాయాలి. కేసు నడిస్తే కోర్టుకెళ్లి సాక్ష్యం చెప్పాలి. నుజ్జయిన బళ్లను అంత దగ్గరగా చూసే మనిషికి మీ స్పీడుతో పనిలేదు. మీ కాళ్లు ఎక్కడున్నాయి, కళ్లు ఎటు తిరుగుతున్నాయి అన్నదే చూస్తారు.

సారథి పోర్టల్ భాగం బాగుంది. అయితే ఒక తప్పు చాలామంది చేస్తున్నారు: నెట్ సెంటర్‌లో దరఖాస్తు పెట్టించుకుని అక్కడివాళ్ల ఫోన్ నంబరే ఇచ్చేస్తారు. తర్వాత ప్రతి ఓటీపీకీ వాళ్ల చుట్టూ తిరగాలి. సొంత నంబరే ఇవ్వండి, పేరు ఆధార్‌లో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా రాయించండి. కేంద్ర నిబంధనల్లో ఎల్‌ఎల్‌ఆర్‌కు, అంటే నేర్చుకునేవాళ్ల లైసెన్సుకు, ఒక్కో వాహన తరగతికి 150, ఎల్‌ఎల్‌ఆర్ పరీక్షకు 50, డ్రైవింగ్ పరీక్షకు ఒక్కో తరగతికి 300, లైసెన్సుకు 200 రూపాయలు. రాష్ట్రం తీసుకునే సేవా రుసుం వీటికి అదనం. నలభై దాటినవాళ్లు డాక్టర్ సంతకంతో ఫారం 1ఏ పెట్టాలి.

ఎల్‌ఎల్‌ఆర్ చేతికొచ్చిన 30 రోజుల తర్వాతే డ్రైవింగ్ పరీక్ష. ఎల్‌ఎల్‌ఆర్ గడువు 6 నెలలు. చివరి దాకా ఊరుకుంటే ఒకసారి ఫెయిలైనా మళ్లీ పరీక్ష ఇచ్చే వ్యవధి ఉండకపోవచ్చు. రెండో నెలలోనే స్లాటు తీసుకోవడం మంచిది. పరీక్షకు తెచ్చే బండికి ఆర్సీ, ఇన్సూరెన్సు, కాలుష్య సర్టిఫికెట్ మూడూ చెల్లుబాటులో ఉండాలి. ఎల్ బోర్డు అంటే చేతికొచ్చినట్టు అతికించిన ఎర్ర టేపు కాదు: 18 సెంటీమీటర్ల తెల్లటి చదరం, అందులో 10 సెంటీమీటర్ల ఎత్తు, 2 సెంటీమీటర్ల మందం ఉన్న ఎర్ర అక్షరం. బండికి ముందూ వెనకా రెండుచోట్లా ఉండాలి.

ఇక ఎనిమిది, అంటే 8 అంకె ఆకారంలో గీసిన ట్రాక్. మోటారు సైకిల్ మీద ఎక్కువమంది తప్పేది ఇక్కడే, కారణం ప్రతిసారీ ఒకటే: చూపు ముందు చక్రం మీద పెడతారు. చూపు ఎక్కడుంటే బండి అక్కడికే పోతుంది. మెడ తిప్పి తర్వాతి మలుపును చూడాలి. మొదటి గేరు, హాఫ్ క్లచ్ (క్లచ్ సగం వదిలి పట్టుకోవడం), వెనక బ్రేకు మీద లేతగా పాదం, ఇంతే. హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు ముందు బ్రేకు పట్టుకుంటే బండి ఒరుగుతుంది, కాలు కింద పడుతుంది, పరీక్ష పోతుంది. స్కూటీ మీద పరీక్ష ఇస్తే వచ్చేది గేరు లేని బళ్ల లైసెన్సే. బుల్లెట్ నడపాలంటే గేరు బండి మీదే ఇవ్వాలి.

కారుకు హెచ్ ట్రాక్, ఇంగ్లిషు H అక్షరం ఆకారంలో ఉండేది. రివర్సులో స్టీరింగు తిప్పితే వెనక భాగం లోపలికి వెళ్తుంది, ముందు భాగం బయటికి ఊగి కంబాన్ని తాకుతుంది. వెనకే చూస్తూ ముందు మూలను మర్చిపోయినవాళ్లు తగిలిస్తారు. ఎక్సలేటరు జోలికి పోకుండా క్లచ్ మీదే నడిపించాలి. ఎత్తు మీద ఆపి కదిలించేటప్పుడు హ్యాండ్ బ్రేకు వేసి, హాఫ్ క్లచ్‌లో ఇంజను కాస్త బరువెక్కిందని తెలిశాకే వదలాలి. వెనక్కి జారకూడదని నిబంధనలోనే ఉంది. కూర్చోగానే సీటు, అద్దం, బెల్టు సరిచేసుకోండి. పరీక్ష అప్పుడే మొదలైపోతుంది.

ఈ సేవలో లోటు కూడా ఇక్కడే ఉంది. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 15వది చదివితే ఓవర్‌టేక్ చేయడం, కూడళ్ల దగ్గర నడుచుకోవడం, అద్దం చూసుకుని సిగ్నల్ ఇవ్వడం అన్నీ పరీక్షించాలని ఉంది. ఎనిమిది, హెచ్ గీతల మధ్య ఇవేవీ తేలవు. ట్రాక్ మీద నెగ్గినవాళ్లు సాయంత్రం బెంజి సర్కిల్ దగ్గర ఆటోల మధ్య లేన్ మారాలంటే బిగుసుకుపోతారు. అది అధికారి తప్పు అనలేం. వరసలో అంతమంది ఉంటే ఒక్కొక్కరికి దొరికేవి కొన్ని నిమిషాలే. అయినా ఎంత చిన్నదైనా రోడ్డు మీద ఒక చుట్టు నడిపించి చూడాలని గట్టిగా అడగాల్సిందే, ప్రాణాలతో పని కాబట్టి. అది వచ్చేదాకా బందరు రోడ్డు మీద తెల్లవారుజామున, లైసెన్సున్న మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, సొంతంగా సాధన చేసుకోండి.

ఫెయిలైతే 7 రోజుల తర్వాతే మళ్లీ అవకాశం, మూడుసార్లు పోతే 60 రోజులు ఆగాలి. "పాస్ గ్యారంటీ" అనే బ్రోకర్లకు డబ్బు కట్టకండి. ఆ సొమ్ముతో డ్రైవింగ్ స్కూల్లో పది రోజులు హాఫ్ క్లచ్ నేర్చుకోవచ్చు.

తేలికపాటి వాహనాల లైసెన్సున్న ఆటో, ట్యాక్సీ డ్రైవర్లకు ఒక మాట: 7,500 కిలోల లోపు రవాణా వాహనాలకు లైసెన్సు మీద విడిగా ఎండార్స్‌మెంట్ (అదనపు అనుమతి) అక్కర్లేదని సుప్రీంకోర్టు 2024 నవంబరులో తేల్చింది. ఎండార్స్‌మెంట్ లేదన్న సాకుతో ఇన్సూరెన్సు వాళ్లు క్లెయిం ఇవ్వమంటే తీర్పు చూపించండి. లైసెన్సు కాపీ డిజిలాకర్‌లో ఉంచుకోండి, తనిఖీలో చెల్లుతుంది. గడువు తేదీ మాత్రం కంట కనిపెట్టుకుని ఉండాలి: అది దాటిన ఏడాది లోపు రెన్యువల్‌కు పెట్టకపోతే మళ్లీ డ్రైవింగ్ పరీక్షే.